స్పిన్నర్‌బైట్‌కి ఏ సైజు బ్లేడు? ముందు సీసం తల బరువు చూడండి

స్పిన్నర్‌బైట్ అంటే వంచిన తీగకి కింద సీసం తల, హుక్, పైన గిర్రున తిరిగే రేకు బ్లేడు ఉండే గాలం ఎర (లూర్). మొదటిసారి ఇంట్లో ఒకటి చేసినప్పుడు 7 గ్రాముల సీసం తలకి 5వ నంబరు కొలరాడో, అంటే గుండ్రటి బ్లేడు తగిలించాను. బ్లేడు పెద్దదైతే చేప కూడా పెద్దదే పడుతుందని నా లెక్క. శంకర్‌పల్లి వైపు ఒక చెరువులో వేసి లాగితే అది తాగినోడిలా ఒక పక్కకి ఒరిగిపోయి వచ్చింది, రీల్ ఇంకాస్త వేగంగా తిప్పేసరికి పూర్తిగా పల్టీ కొట్టి నీళ్ల మీదికి తేలింది. తీగ వంపు తప్పు పోయిందేమోనని మూడు ఆదివారాలు కటింగ్ ప్లయర్ పట్టుకుని ఆ తీగనే అటూ ఇటూ వంచుతూ కూర్చున్నా, చివరికి విసుగొచ్చి విరిగిపోయిన ఇంకో లూర్ నుంచి 3వ నంబరు బ్లేడు పీకి వేస్తే మొదటి విసురుకే గీత గీసినట్టు నిటారుగా వచ్చింది.

బ్లేడు తిరిగేటప్పుడు నీటిని పక్కకి తోస్తుంది, నీరు తిరిగి బ్లేడుని నెడుతుంది, ఆ మెలి పై తీగ గుండా లూర్ మొత్తాన్నీ తిప్పేయాలని చూస్తుంది. దాన్ని నిటారుగా నిలబెట్టేది కింద వేలాడే సీసం బరువు ఒక్కటే. అందుకే ఏ చేప, ఏ నీళ్లు, ఏ రంగు అనే ప్రశ్నలన్నీ తర్వాత, ముందు మీ తల ఎన్ని గ్రాములో తూకం వేయండి. బంగారం తూచే చిన్న జేబు త్రాసు ఒకటి కొనుక్కోండి. అచ్చులో పోసిన తలలు చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకటి 9 గ్రాములు, ఇంకోటి 11 గ్రాములు రావడం మామూలే.

సైజు నంబర్లతో ఒక చిక్కుంది. 4వ నంబరు కొలరాడో, 4వ నంబరు విల్లో (సన్నగా పొడవుగా ఉండే బ్లేడు) ఒకే పొడవుండవు, విల్లో దాదాపు రెట్టింపు ఉంటుంది. కంపెనీ మారితే కొలత కూడా కాస్త మారుతుంది. నేను నాణేలతో పోల్చుకుంటాను. పాత 5 రూపాయల బిళ్ల వెడల్పు 23 మిల్లీమీటర్లు, అది సుమారు 3వ నంబరు కొలరాడో. 10 రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, అది 4వ నంబరుకి దగ్గర. మన హైదరాబాద్‌లో కిరాణా కొట్టువాళ్లు 10 రూపాయల బిళ్ల చూస్తేనే మొహం తిప్పేసుకుంటారు కదా, నా దగ్గర పేరుకుపోయినవి ఇలాగైనా పనికొచ్చాయి. విల్లోకి నాణెం కుదరదు, స్కేలు పెట్టి కొలవాల్సిందే, 4వ నంబరు సుమారు 45 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

ఇక నేను వాడే జోడీలు. 7 గ్రాముల తలకి ఒకే బ్లేడు వేస్తే 3వ నంబరు కొలరాడో, రెండు వేస్తే ముందు 2వ నంబరు కొలరాడో, వెనక 3 లేదా మూడున్నర విల్లో. 10 గ్రాముల తలకి ఒంటి బ్లేడైతే 4వ నంబరు కొలరాడో, జోడీ అయితే ముందు 3, వెనక 4వ నంబరు విల్లో. 14 గ్రాములకి ఒంటిగా 5వ నంబరు కొలరాడో నిలబడుతుంది, జోడీలో వెనక నాలుగున్నర విల్లో వరకు వెళ్లొచ్చు. మొదటిసారి చేసేవాళ్లు 10 గ్రాములతో మొదలుపెట్టండి, ఒక సైజు అటూ ఇటూ అయినా సర్దుకుపోయే బరువు అది. 7 గ్రాములు అస్సలు క్షమించదు.

ఆకారాల సంగతి. కొలరాడో గుండ్రంగా ఉంటుంది, వెడల్పుగా తిరుగుతుంది, నీటిలో దడదడ ఎక్కువ పుట్టిస్తుంది, లూర్‌ని పైకి ఎత్తిపెడుతుంది కూడా. విల్లో వేపాకులా సన్నగా, పొడవుగా ఉంటుంది, తీగకి దగ్గరగా గిర్రున తిరుగుతుంది, దడ తక్కువ, మెరుపు ఎక్కువ. ఇండియానా నీటిబొట్టు ఆకారంలో రెంటికీ మధ్యలో ఉంటుంది, ఏది వేయాలో తేలనప్పుడు అదే వేసేయండి. పైకి ఎత్తిపెట్టే గుణాన్ని మర్చిపోకండి. లూర్ లోతుకి దిగడం లేదని చాలామంది సీసం పెంచుతారు, తల అదే ఉంచి బ్లేడు ఒక సైజు తగ్గిస్తే పని అయిపోతుంది.

నీటి రంగు దగ్గరికి వద్దాం. వానాకాలంలో వాగు నీళ్లు వచ్చి చేరాక చెరువు మొత్తం టీ రంగుకి తిరుగుతుంది, అప్పుడు చేప కంటితో కన్నా ఒంటి పక్కనున్న గీతతో, అంటే నీటి కదలికను పసిగట్టే ఆ వరుసతో వేటాడుతుంది. కాబట్టి తల మోయగలిగినంత పెద్ద కొలరాడో, ఇత్తడి లేదా రాగి రంగు, నెమ్మదిగా లాగండి. దసరా దాటి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడితే జోడీకి మారి వెనక వెండి రంగు విల్లో వేయండి. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట చలికి చేప బద్ధకంగా ఉంటుంది, వెంటపడి తినదు, అప్పుడు మళ్లీ ఒంటి కొలరాడోనే. తక్కువ వేగంలో కూడా ఆగకుండా తిరిగేది అదే.

మన దగ్గర స్పిన్నర్‌బైట్ చేసేది ఎక్కువగా కొర్రమీను కోసమే కదా. గుర్రపుడెక్క అంచున, తుంగ పక్కన ఉంటుంది అది. నిండుగా నాచు ఉన్న చోట రబ్బరు కప్ప లూర్‌దే రాజ్యం, అక్కడ స్పిన్నర్‌బైట్‌తో తంటాలు పడొద్దు. అంచు వెంబడి, నాచు పలచగా ఉన్నచోట మాత్రం ఇది బాగా పనిచేస్తుంది, సన్నటి విల్లో గుండ్రటి బ్లేడు కన్నా తక్కువ చెత్త పట్టుకుంటుంది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి బుడుంగుమని మునిగితే నీటి మీద లేచే ఆ అల ఉంగరం మీద సరిగ్గా వేయకండి, దాటించి వేసి ఆ పక్కగా లాగండి. లాగుతూ మధ్యలో ఆపితే ఒంటి కొలరాడో గిరగిరా తిరుగుతూ మెల్లగా కిందికి దిగుతుంది, నాకు పడ్డవాటిలో చాలా మటుకు ఆ దిగేటప్పుడే పట్టాయి.

ఇప్పుడు తీగ లెక్క. వెనక బ్లేడు చివర హుక్ వంపుకి సరిగ్గా పైన ఉండాలి, దాన్ని దాటి వెనక్కి పోకూడదు. దాటితే చేప బ్లేడుని కొరికి వదిలేస్తుంది, మీరు పైన కూర్చుని తగిలింది, పోయింది అనుకుంటారు. అంటే 4 తీసి నాలుగున్నర విల్లో వేయాలంటే పై తీగ కూడా ఆ మేరకు కొలిచి వంచుకోవాలి. జోడీలో ముందు బ్లేడు వెనక్కి వాలినప్పుడు వెనక బ్లేడు స్వివెల్‌ని (బ్లేడు తిరగడానికి పెట్టే తిరుగుడు కీలు) తాకకూడదు, మధ్యలో పూసలు ఎక్కించి ఎడం సరిచేయండి. పూసల్ని బిగించేయకండి, క్లెవిస్, అంటే ముందు బ్లేడుని తీగకి పట్టి ఉంచే చిన్న కొక్కెం, అటూ ఇటూ స్వేచ్ఛగా కదలాలి. తీగ 0.9 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 10 గ్రాముల వరకు చాలు, 14కి 1 మిల్లీమీటరు తీసుకోండి. ఇంకా లావు వేస్తే దడ చేతికి రాదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ గల్లీల్లో అడిగితే దొరుకుతుంది, కాకపోతే స్ప్రింగులా గట్టిగా ఉండేదే కావాలని చెప్పండి, చుట్టలు కట్టే మెత్తటి బైండింగ్ తీగ అంటగడితే తిరిగి ఇచ్చేయండి. స్వివెల్ విషయంలో పిసినారితనం చిన్న బ్లేడు దగ్గరే దెబ్బకొడుతుంది. పెద్ద కొలరాడో చవక స్వివెల్‌ని కూడా బలవంతంగా తిప్పేస్తుంది, 2వ నంబరుకి ఆ బలం ఉండదు, దానికి బాల్‌బేరింగ్ స్వివెల్ పెట్టండి.

బ్లేడులు కూడా సొంతంగా చేసుకుంటామంటే నేను మొదట టీ స్పూన్లు కోశాను. మందం ఎక్కువ, నెమ్మదిగా లాగితే తిరగదు, వదిలేశాను. బేగంబజార్‌లో 22 గేజీ ఇత్తడి రేకు, అంటే సుమారు 0.7 మిల్లీమీటర్లది, చిన్న ముక్క తెచ్చుకోండి. దాని మీద నాణెం పెట్టి గీసి, ఒకవైపు కొంచెం మొన వచ్చేలా పెంచి రేకు కత్తెరతో కోయండి, అంచులు ఆకురాయితో నున్నగా చేయండి, లేకపోతే మీ దారాన్నే తెంపుతాయి. మొన దగ్గర రంధ్రం వేశాక పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేవరకు కాల్చి నీళ్లలో ముంచితే ఇత్తడి మెత్తబడుతుంది. ఆ పైన చెక్కలో చిన్న గుంట చెక్కుకుని గుండు సుత్తితో మెల్లగా కొట్టి దొన్నెలా లోపలికి గుంట పడేలా చేయాలి. చదునుగా వదిలేస్తే సరిగా తిరగదు. గుంట లోతు పెరిగేకొద్దీ దడ పెరుగుతుంది, పక్కకి ఒరగడం కూడా పెరుగుతుంది. అందుకే సొంతంగా కొట్టిన లోతైన 3వ నంబరుని తూకం విషయంలో 4గా లెక్కేసుకోండి.

పరీక్షకి బకెట్ చాలదు. కట్ట పక్కన తేటగా ఉన్నచోట రాడ్ మొనకి ఒక మీటరు దారం వదిలి, అడుగు లోతులో పక్కకి లాగి చూడండి. ముందు మెల్లగా, బ్లేడు ఆగిపోయేంత వరకు వేగం తగ్గించండి, ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకోండి. నడక వేగానికే ఆగిపోతే బ్లేడు బరువో, స్వివెల్ పట్టేయడమో, రెంటిలో ఒకటి. తర్వాత వేగం పెంచుతూ పోండి, ఎప్పుడు ఒరుగుతుందో చూడండి. ఒరిగితే మొదట పై తీగ, హుక్ ఒకే వరసలో ఉన్నాయో లేదో ముందునుంచి చూసి సరిచేయండి. వరస సరిగ్గానే ఉండి కూడా ఒరుగుతుంటే ఇక తీగ జోలికి పోవద్దు, బ్లేడు ఒక సైజు దించండి.

వెనక బ్లేడుని స్వివెల్‌కి స్ప్లిట్ రింగుతో (తాళంచెవుల రింగు లాంటి చిన్న రింగు) తగిలించుకుంటే కట్ట మీదే మార్చుకోవచ్చు, నేను ఒక మాత్రల డబ్బాలో 3, 4 కొలరాడోలు, 4వ నంబరు విల్లో వేసుకుని వెళ్తాను. ఊరి చెరువులైతే చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘం చేతిలో ఉంటాయి, వాళ్లని అడిగే గాలం వేయండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన బంతిలా కదులుతూ కనిపిస్తే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, అక్కడ బ్లేడు చూపిస్తే కోపంతో ఇట్టే పడతాయి. ఆ చోటు మాత్రం వదిలేసి ముందుకి నడవండి.