ప్రశ్నపత్రంలో సమీకరణాలన్నీ ఒకే తీరుగా రావాలంటే

హనుమకొండలో మాది చిన్న డీటీపీ సెంటర్. సంక్రాంతి దాటిందంటే టెన్త్ ప్రీఫైనల్ పేపర్లు, ఇంటర్ టెస్ట్ పేపర్లు, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. లెక్కల పేపర్ టైప్ చేసేటప్పుడు నేను ఒక్కటే పట్టించుకుంటాను. ఒక గుర్తు మొదటి పేజీలో ఎలా కనిపించిందో చివరి పేజీలోనూ అలాగే కనిపించాలి. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలు "ఈ వాలు ఎక్స్, ఆ నిటారు ఎక్స్ ఒకటేనా? ఇది ఎక్స్ అక్షరమా, ఇంటూ గుర్తా?" అని ఒక్క నిమిషం తడబడినా అది టైప్ చేసినవాళ్ల తప్పే.

నేను వాడేది మైక్రోసాఫ్ట్ వర్డ్. ఆల్ట్ పట్టుకుని = కొడితే సమీకరణం పెట్టె వస్తుంది. తెలుగు కీబోర్డు మీద ఉంటే ముందు విండోస్, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మారండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇది: వాక్యం మధ్యలో వచ్చే ఒంటరి ఎక్స్ కూడా ఆ పెట్టెలోనే టైప్ చేయాలి. "ఎక్స్ విలువ కనుక్కోండి" అనే ప్రశ్నలో ఒక్క అక్షరమే కదా అని మామూలుగా కొట్టేస్తారు. పైన సమీకరణంలో అది కాంబ్రియా మ్యాథ్ ఫాంటులో వాలుగా ఉంటుంది, కింద వాక్యంలో ఇంకో ఫాంటులో నిటారుగా నిలబడుతుంది. తెలుగు వాక్యాలు అను ఫాంటులో ఉంటే ఇంకా కష్టం, ఎందుకంటే అందులో ఇంగ్లిష్ అక్షరం కొడితే తెలుగు ముక్క ఏదో పడుతుంది. సమీకరణం పెట్టెకి దాని ఫాంటు దానికే ఉంటుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. మైనస్ కూడా అంతే. బయట కొడితే పొట్టి హైఫన్, పెట్టెలో కొడితే ప్లస్‌కి సరిజోడైన పొడుగు గీత. లెక్కలో భాగమైన అంకెలు లోపల పెట్టండి. ప్రశ్న నంబర్లు, మార్కులు, సంవత్సరాలు బయటే ఉండాలి.

మౌస్‌తో రిబ్బన్‌లో వెతుక్కుంటూ టైప్ చేయడం నాకు నచ్చదు. వర్గ సమీకరణం మూలాల సూత్రాన్నే తీసుకోండి. ఎక్స్ =, ఆ తర్వాత లవం మొత్తానికీ ఒక బ్రాకెట్ తెరవండి. అందులో −బి కొట్టి, బ్యాక్‌స్లాష్, దాని వెంటే పి, ఎమ్ అక్షరాలు, స్పేస్. ± వచ్చేస్తుంది. మళ్లీ బ్యాక్‌స్లాష్, ఎస్, క్యూ, ఆర్, టి కొట్టి, బ్రాకెట్లో బి^2−4ఏసి. రెండు బ్రాకెట్లూ మూసి, / కొట్టి, 2ఏ అని స్పేస్ కొట్టండి. లవం పైకి, హారం కిందికి వెళ్తాయి, బ్రాకెట్లు మాయమవుతాయి, వర్గమూలం గీత సరిగ్గా ఏసి మీదుగా వచ్చి ఆగుతుంది. చేయి అలవాటు పడితే చూసి రాసుకునేదానికన్నా ఇదే త్వరగా అవుతుంది.

సైన్, కాస్ లాంటివి టైప్ చేశాక స్పేస్ తప్పనిసరి. స్పేస్ కొడితేనే వర్డ్ వాటిని ప్రమేయాలుగా గుర్తించి నిటారుగా పెడుతుంది. లేకపోతే ఎస్, ఐ, ఎన్ అనే మూడు చలరాశుల లబ్ధంలా వాలిపోయి కనిపిస్తాయి. ఫిజిక్స్ పేపర్లో ప్రమాణాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ద్రవ్యరాశికీ మీటరుకీ రాసేది ఒకే ఎమ్. ద్రవ్యరాశి వాలుగా, మీటరు నిటారుగా ఉండాలి. ప్రమాణాన్ని డబుల్ కోట్స్ మధ్య టైప్ చేస్తే నిటారుగా వస్తుంది. అప్పటికే టైప్ అయిపోయి ఉంటే దాన్ని సెలెక్ట్ చేసి ఈక్వేషన్ ట్యాబ్‌లో నార్మల్ టెక్స్ట్ నొక్కండి. 9.8కీ దాని ప్రమాణానికీ మధ్య ఖాళీ ఉండాలి.

ఇక నన్ను చాలామంది అడిగేది భిన్నాల సైజు గురించి. ఒకచోట పెద్దగా, ఒకచోట చిన్నగా ఎందుకొస్తాయి? పేరాలో సమీకరణం ఒక్కటే ఉంటే వర్డ్ దాన్ని డిస్‌ప్లేగా, అంటే పూర్తి సైజులో చూపిస్తుంది. పక్కన ఒక్క ఫుల్‌స్టాప్ పడినా ఇన్‌లైన్, అంటే వాక్యంలో ముక్క అయిపోయి భిన్నం కుంచించుకుపోతుంది. బిట్ పేపర్లో ఆప్షన్ నంబరు పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ భిన్నాలన్నీ చిన్నవైపోతాయి, వెనక బెంచీ పిల్లలు కళ్లు చికిలించుకుని చదవాలి. ఫాంటు సైజు పెంచి సరిపెట్టకండి, ఒకటి సరిచేస్తే ఇంకొకటి తేడా వస్తుంది. గీతలు కనిపించని టేబుల్ పెట్టి ఆప్షన్ నంబరు ఒక గడిలో, సమీకరణం ఇంకో గడిలో పెట్టండి. గడిలో అదొక్కటే ఉంటుంది కాబట్టి నాలుగు ఆప్షన్లూ పూర్తి సైజులో వస్తాయి. అయితే డిస్‌ప్లే సమీకరణం మధ్యకు వెళ్తుంది కాబట్టి జస్టిఫికేషన్‌లో లెఫ్ట్ ఎంచుకోండి.

భిన్నం తల తెగినట్టు కనిపిస్తే పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్ చూడండి. అక్కడ ఎగ్జాక్ట్‌లీ ఉంటే తీసేసి ఎట్ లీస్ట్ పెట్టండి. తెలుగు వత్తులకీ అదే మంచిది.

సాధన మెట్లు మెట్లుగా చూపాలంటే ప్రతి మెట్టుకీ కొత్త పెట్టె తెరవకండి. ఎక్స్² − 5ఎక్స్ + 6 = 0 రాశాక షిఫ్ట్‌తో ఎంటర్ కొట్టి తర్వాతి మెట్టు, అలాగే చివరిదాకా. ఆ తర్వాత ప్రతి లైనులోనూ = మీద రైట్ క్లిక్ చేసి ఎలైన్ ఎట్ దిస్ క్యారెక్టర్ ఎంచుకుంటే సమాన గుర్తులన్నీ ఒకే నిలువు వరుసలో నిలబడతాయి. స్పేస్ బార్‌తో జరిపినవి ప్రింటర్ మారితే చెదిరిపోతాయి.

ప్రాజెక్టు రిపోర్టుల్లో సమీకరణాలకి నంబర్లు కావాలి. కొత్త వర్డ్‌లో సమీకరణం చివర #(1) అని కొట్టి ఎంటర్ నొక్కితే నంబరు కుడి అంచుకు వెళ్తుంది. కానీ అది చేత్తో వేసిన నంబరు. గైడ్ గారు మధ్యలో ఒక సమీకరణం చేర్చమన్నారంటే కిందివన్నీ మార్చుకోవాలి. పెద్ద రిపోర్టుకి నేను మూడు గడుల టేబుల్ వాడతాను. ఎడమది ఖాళీ, మధ్యలో సమీకరణం, కుడి గడిలో రిఫరెన్సెస్ ట్యాబ్ నుంచి ఇన్సర్ట్ క్యాప్షన్‌తో వేసిన నంబరు. ఆ నంబరుకి బుక్‌మార్క్ పెట్టుకుంటే "సమీకరణం (3) నుంచి" అన్నచోట క్రాస్ రిఫరెన్స్, అంటే అసలు నంబరుతో ముడిపడిన నంబరు ఇవ్వచ్చు. మార్పులన్నీ అయ్యాక కంట్రోల్, ఏ కొట్టి ఎఫ్9 నొక్కితే నంబర్లన్నీ సర్దుకుంటాయి. ఆ ఖాళీ టేబుల్‌ని ఒకసారి సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3తో దాచిపెట్టుకోండి, ప్రతిసారీ గీయక్కర్లేదు. లిబ్రే ఆఫీస్ రైటర్ వాడేవాళ్లకి ఇంకా సులువు. ఎఫ్, ఎన్ అని చిన్న అక్షరాల్లో టైప్ చేసి ఎఫ్3 నొక్కితే నంబరుతో సహా సమీకరణం వస్తుంది.

పాత పేపర్లలోంచి ప్రశ్నలు కాపీ చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. వర్డ్‌లో ఇదివరకు సమీకరణాలు రాయడానికి వాడిన పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0ని భద్రతా లోపం వల్ల 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ తీసేసింది. దాంతో చేసినవి కనిపిస్తాయి, ప్రింటవుతాయి, కానీ కొత్తవాటి పక్కన ఫాంటు తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నేనైతే వాటిని మళ్లీ టైప్ చేస్తాను. ఫైలు ఎప్పుడూ డాక్‌ఎక్స్‌లోనే సేవ్ చేయండి. పాత డాక్ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే సమీకరణాలు బొమ్మలైపోతాయి, మళ్లీ డాక్‌ఎక్స్‌కి మార్చేదాకా దిద్దడం కుదరదు. ప్రెస్సుకి మాత్రం పీడీఎఫ్ పంపండి.