యూరప్‌కి రసాయనాల డ్రమ్ములు పంపేముందు లేబుల్ విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు చాలా చిన్న కెమికల్ యూనిట్లలో లేబుల్ పని ఆఖరి రోజుకే పడుతుంది. కంటైనర్ గేటు దగ్గరికి వచ్చాక పాత ఫైలు తెరిచి, బ్యాచ్ నంబరు మార్చి ప్రింట్ కొట్టేస్తారు. యూరప్ సరుకు విషయంలో ఈ అలవాటు పూర్తిగా మానుకోవాలి. అక్కడ 1272/2008 నంబరు నిబంధన, అందరూ సీఎల్‌పీ అనేది, 2009 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ముందు సరుకు ఏ రకం ప్రమాదకరమో తేల్చాలి, ఆ తర్వాతే లేబుల్. మొదటిది తప్పితే రెండోది ఎంత నీటుగా ప్రింటైనా పనికిరాదు.

ఆర్డర్ ఖాయం కాగానే అక్కడి దిగుమతిదారుతో మాట్లాడండి. చట్టం ముందు బాధ్యత ఆయనదే. లేబుల్ మీద యూరప్‌లోని సరఫరాదారు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి, మన ఫ్యాక్టరీ అడ్రస్ ఒక్కటే ఉంటే చాలదు. కానీ డ్రమ్ములో ఏముందో తెలిసింది మీకే. మీరిచ్చిన సమాచారం మీదే ఆయన సంతకం పెడతాడు, కాబట్టి కంపోజిషన్ దాచిపెట్టి లేబుల్ మాత్రం ఆయన్ని సరిచూడమనడం న్యాయం కాదు. ఆరోగ్యానికి హాని చేసే, లేదా మండే గుణమున్న మిశ్రమమైతే పాయిజన్ సెంటర్లకు పూర్తి వివరాలు వెళ్లాలి, యూఎఫ్ఐ అనే 16 అక్షరాల కోడ్ కూడా కావాలి. రేపు అక్కడెవరైనా పొరపాటున మింగితే డాక్టర్ చూసేది ఆ వివరాలే.

వర్గీకరణకి మొదట చూడాల్సింది సీఎల్‌పీ ఆరో అనుబంధంలోని పట్టిక. మీ పదార్థం అందులో ఉంటే ఆ వర్గీకరణ తప్పనిసరి. అందులో లేని ప్రమాదాలను మీరే అంచనా వేసుకోవాలి. కాస్టిక్ సోడా సంగతే చూడండి. నీళ్లలో కలిపిన ద్రావణంలో అది 2 శాతం, ఆపైన ఉంటే హెచ్314 అనే ప్రమాద కోడ్ పడుతుంది, అంటే చర్మం తీవ్రంగా కాలుతుంది, కళ్లు దెబ్బతింటాయి. చేతిని, లోహాన్ని ద్రవం తినేస్తున్న ‘కరోజన్’ బొమ్మ, పెద్ద హెచ్చరిక మాట ‘డేంజర్’ రెండూ రావాలి. 0.5 నుంచి 2 శాతం లోపు ఉంటే ఆశ్చర్యార్థకం బొమ్మ, ‘వార్నింగ్’ సరిపోతాయి. ఆర్ అండ్ డీ వాళ్లు ఫార్ములాని 1.8 నుంచి 2.1కి మార్చి డిస్పాచ్‌కి చెప్పలేదనుకోండి, అవతల డ్రమ్ము తెరిచే మనిషి చిన్నపాటి దురదే కదా అనుకుని దగ్గరికెళ్తాడు. అందుకే ఫార్ములా మారిందన్న కాగితం లేబుల్ వేసే టేబుల్ దాకా వచ్చి తీరాలి. వేరే యాసిడ్లు, క్షారాలు కూడా కలిస్తే పీహెచ్ విడిగా చూడాలి. అది 2 లేదా అంతకన్నా తక్కువ, 11.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, కాదని తేలేదాకా ఆ సరుకుని చర్మాన్ని కాల్చేదిగానే లెక్కేస్తారు.

అమెరికా కస్టమర్ కోసం చేసిన సేఫ్టీ డేటా షీట్‌ని, అంటే ఎస్‌డీఎస్‌ని పేరు మార్చి యూరప్‌కి పంపకండి. రెండూ ఐక్యరాజ్యసమితి రసాయనాల వర్గీకరణ పద్ధతి జీహెచ్ఎస్ నుంచి వచ్చినవే అయినా ఒకటి కావు. చేపలకు, నీటి జీవులకు హాని అనే వర్గాలు అమెరికా కార్మిక శాఖ నిబంధనలో లేవు, యూరప్‌లో తప్పనిసరి. అమెరికాలో ఉన్న మండే ద్రవాల నాలుగో కేటగిరీ యూరప్‌లో లేదు.

భాష దగ్గర చాలామంది తప్పు చేస్తారు. జర్మనీకి జర్మన్, ఫ్రాన్స్‌కి ఫ్రెంచ్, ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాష ఉండాలి. ప్రమాదం చెప్పే హెచ్, జాగ్రత్తలు చెప్పే పీ వాక్యాలకు ప్రతి భాషలోనూ అధికారిక పాఠం ఉంది, అదే దించుకోవాలి. ఫోన్‌లో అనువాదం చేయించిన వాక్యం చదవడానికి బాగున్నా వద్దు.

ఇక లేబుల్ కాగితం. 200 లీటర్ల డ్రమ్ముకి కనీసం 105×148 మిల్లీమీటర్లు ఉండాలి, ఒక్కో బొమ్మ ఆ కనీస వైశాల్యంలో పదిహేనో వంతుకి తగ్గకూడదు. తెల్ల మీద నల్ల బొమ్మ, చుట్టూ ఎర్ర అంచు. రంగు అయిపోయిందని నల్ల అంచుతో కానివ్వకండి. డ్రమ్ము మామూలుగా నిలబెట్టినప్పుడు లేబుల్ అడ్డంగా చదవడానికి వీలుగా ఉండాలి, నిలువుగా అంటిస్తే చెల్లదు. ఓడలో వెళ్లే ప్రమాదకర సరుకుల గుర్తులు సముద్రపు నీళ్లలో మూడు నెలలు మునిగినా గుర్తుపట్టేలా ఉండాలని ప్రమాదకర సరుకుల సముద్ర రవాణా నియమావళి ఐఎండీజీ కోడ్ చెబుతుంది. మామూలు కాగితం స్టిక్కర్‌తో అది జరగదు, సింథటిక్ లేబుల్ వాడండి. అంటించేముందు డ్రమ్ము మీది నూనె, తేమ తుడవాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

తేదీలు కూడా గోడ మీద రాసిపెట్టుకోండి. హార్మోన్లను దెబ్బతీసేవి, ప్రకృతిలో కరగకుండా పేరుకుపోయేవి అంటూ 2023లో కొత్త వర్గాలు చేర్చారు. 2025 మే 1కి ముందే మార్కెట్లో ఉన్న పదార్థాలకు ఆ ప్రకారం లేబుల్ మార్చే గడువు 2026 నవంబరు 1. మిశ్రమాల్లో కొత్తవాటికి 2026 మే 1, అప్పటికే అమ్ముడవుతున్నవాటికి 2028 మే 1. బ్రిటన్ విడిపోయింది కాబట్టి దాని నిబంధన వేరు, ఉత్తర ఐర్లండ్‌కి మాత్రం యూరప్‌దే.

లోడింగ్ రోజు ఒక డ్రమ్ము ముందు నిలబడి బ్యాచ్ కంపోజిషన్, ఎస్‌డీఎస్ 2, 3 సెక్షన్లు, లేబుల్ పక్కపక్కన పెట్టి చదవండి. 14వ సెక్షన్‌తో రవాణా గుర్తులు సరిచూడండి. ఫొటో తీసి దిగుమతిదారుకి పంపండి. ఆయన నుంచి సరేనని రాతపూర్వకంగా వచ్చాకే కంటైనర్‌కి సీలు వెయ్యండి.