మిగిలిన అన్నంతో రాత్రికి రొట్టెలు, పిసికే పని పిల్లది

కావలిలో మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం మిగలని రోజు అరుదు. రాత్రికి దాన్ని రొట్టెలు చేస్తాను, మా రెండున్నరేళ్ల బుడ్డిదాని సాయంతో.

ముందు ఒక మాట. అన్నం వండిన రెండు గంటల్లోపు వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన వైపు ఎండాకాలం ఉక్కకి గంటే ఎక్కువ. సాయంత్రం దాకా బయటే ఉన్న అన్నాన్ని వేడి చేసినా లాభం లేదు, అందులో పుట్టే విషం వేడికి పోదు.

రెండు కప్పుల అన్నం, అర కప్పు గట్టి పప్పు, గుప్పెడు బియ్యప్పిండి, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ. పప్పులో ఉప్పు ఉంటుంది, చూసి వేయండి. పచ్చిమిర్చి పిల్ల వాటా పక్కకు తీశాకే కలపండి. ఆ చేత్తో కళ్లు నలుపుకుందంటే ఇక ఆ పూట వంట సాగదు.

నేల మీద పాత దుప్పటి పరిచి, చేతులు కడిగి, పళ్లెం ముందు పెడితే చాలు. గుప్పిట బిగించి, వేళ్ల సందుల్లోంచి ముద్ద బయటికొస్తుంటే "అమ్మా, పురుగు!" అంటుంది. మెతుకు నలగాలి గానీ మరీ పిండైపోకూడదు. ఆ చేతుల బలం సరిగ్గా అంతే. కరివేపాకు దూయడమూ దానిదే. సగం దుప్పటి మీదే పడుతుంది, ఏరుకుంటాం.

పొయ్యి దగ్గర పని నాది. అరిటాకు మీద నూనె రాసి పల్చగా తట్టి, మధ్యలో చిల్లు పెట్టి, పెనం మీద సన్నసెగన రెండువైపులా ఎర్రగా కాల్చాలి.

నంజుకోవడానికి నిన్నటి చేపల పులుసు, బాగా మరగబెట్టి. ముళ్ల భయంతో పిల్లకి పులుసు పెట్టను. దానికి గడ్డపెరుగే.