తిరుపతి నుంచి తిమింగలాల దగ్గరికి: పడవలో మూడు ఉదయాలకు ఎలా సిద్ధం కావాలి

తిమింగలాలు చూడాలనుకునే మన వైపు కుటుంబాలు ఎక్కువగా తేదీల దగ్గరే దెబ్బతింటాయి. ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులిస్తారు, ఇంటిల్లిపాదీ ఖాళీ, మే నెలకు మిరిస్స టికెట్లు తీసేస్తారు. మిరిస్స శ్రీలంక దక్షిణ తీరంలో ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల గాలి ఆ తీరానికి నేరుగా తగులుతుంది. చాలా రోజులు పడవలు రేవు దాటవు. దాటినా అలల మీద తెల్లటి నురగలు లేస్తుంటే తిమింగలం వదిలిన ఊపిరి వాటిలో కలిసిపోయి కంటికి ఆనదు.

అందుకని ముందు సెలవులు చూసుకుని, దానికి సరిపోయే తీరాన్ని ఎంచుకోండి. సంక్రాంతి సెలవులైతే మిరిస్స: డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణాన సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వేసవి సెలవులైతే తూర్పు తీరాన ఉన్న ట్రింకోమలీ: మే నుంచి ఆగస్టు దాకా అక్కడ అదను. నైరుతి గాలికి ఆ ద్వీపమే అడ్డు నిలుస్తుంది కాబట్టి తూర్పు వైపు ఉదయం పూట నీళ్లు తేటగా ఉంటాయి.

రెండు చోట్లా తిమింగలాలు ఒడ్డుకు ఇంత దగ్గరగా రావడానికి కారణం లోతు. మిరిస్స దగ్గర సముద్రం అడుగున ఉండే తీరపు మెట్ట చాలా ఇరుకు. కొన్ని కిలోమీటర్లు వెళ్లేసరికే నేల ఒక్కసారిగా దిగిపోతుంది. ట్రింకోమలీలోనైతే రేవు ముందు నుంచే లోతైన సముద్రపు లోయ మొదలవుతుంది. అలాంటి చోట అడుగున ఉన్న పోషకాలు పైకొస్తాయి, చిన్న రొయ్యల లాంటి జీవులు గుంపులు కడతాయి, వాటి వెంట నీలి తిమింగలాలు వస్తాయి. మిగతా సముద్రాల్లో నీలి తిమింగలాలు మేతకు చలి ప్రాంతాలకూ, పిల్లలను కనడానికి వెచ్చని నీళ్లకూ వలస పోతుంటాయి. ఇక్కడివి చాలావరకు వెచ్చని నీళ్లలోనే ఉండిపోతాయి. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పిన పరిశోధకురాలు శ్రీలంకకు చెందిన ఆశా డి వోస్.

తిరుపతి, చిత్తూరు వాళ్లకు ట్రింకోమలీలో ఒక సౌకర్యం ఎక్కువ. అక్కడ పడవలవాళ్లలో చాలామంది తమిళులు. చెన్నైలో పని జరుపుకొచ్చే మన తమిళం చాలు, పడవ నడిపే సరంగుతో నేరుగా మాట్లాడుకోవచ్చు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీదేవి, కోనేశ్వరస్వామి కొలువైన కొండ కూడా ఆ ఊళ్లోనే. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ఆ కొండ అంచు నుంచి ఒక్కోసారి తిమింగలాల ఊపిరి కనిపిస్తుంది. దర్శనానికి వెళ్లేటప్పుడు బైనాక్యులర్ సంచిలో వేసుకెళ్లండి.

ఒక్క ఉదయానికి వెళ్లొద్దు

కనీసం మూడు ఉదయాలు సముద్రంలోకి వెళ్లేలా, ఒక రోజు అదనంగా ఉండేలా ప్రయాణం వేసుకోండి. మొదటి ఉదయం సగంమందికి కడుపు, తల సర్దుకోవడంతోనే సరిపోతుంది. రెండో రోజుకు కన్ను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. గాలి తిరిగి ఒక రోజు పడవలు ఆగిపోయినా అదనపు రోజు కాపాడుతుంది. పడవలోనే రాత్రిళ్లు పడుకునే యాత్రలు వేరే ఉన్నాయి గానీ సముద్రం మీ ఒంటికి ఎలా పడుతుందో తెలియకముందే వాటికి డబ్బు కట్టడం మంచిది కాదు. రోజూ ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చి, మళ్లీ మర్నాడు వెళ్లే పద్ధతే తొలిసారి వాళ్లకు సరైనది.

తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్, అక్కడి నుంచి విమానాశ్రయానికి మెట్రో. చెన్నై నుంచి కొలంబో సుమారు గంటన్నర. విమానాశ్రయం నుంచి మిరిస్సకు హైవే మీద మూడు గంటలు పైచిలుకు, ట్రింకోమలీకి ఆరేడు గంటలు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. శ్రీలంకలో అడుగుపెట్టడానికి కావాల్సిన ఈటీఏ అనుమతిని ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే తీసుకోండి. రుసుము నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు తీసేముందు ఒకసారి చూడండి. గడియారం మార్చే పని లేదు, మన సమయమే. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గరే పోతుంది, పెద్ద పెట్టెలో వేయండి.

కడుపు సంగతి

యాత్ర చెడేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా. చెవి లోపలి భాగం ఒళ్లు ఊగుతోందని చెబుతుంది, కళ్లు పడవలోని బల్లను చూసి కదలడం లేదంటాయి. ఆ రెంటికీ పొసగక వికారం మొదలవుతుంది. కాబట్టి కళ్లకు కదలిక కనిపించేలా చూడటమే అసలు మందు. ఫోను తీయకుండా, కింద సంచిలో వెతకకుండా, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ కూర్చోవాలి.

పడవ ముక్కు ఎక్కువగా లేచి పడుతుంది. మిరిస్స పడవల్లో పై అంతస్తు పక్కలకు బాగా ఊగుతుంది, చివర డీజిల్ పొగ కొడుతుంది. కింది అంతస్తులో, నడిమికి కాస్త వెనగ్గా, గాలి తగిలే అంచున కూర్చుంటే అన్నిటికన్నా మేలు. తిమింగలం కనిపించాక పైకి వెళ్లొచ్చు.

అవోమిన్ లాంటి మాత్రలను వాంతి మొదలయ్యాక వేసుకుంటే పనిచేయవు, అది కడుపులో నిలవదు. ముందు రాత్రి పడుకునేముందు గానీ, బయలుదేరడానికి ఒకటి రెండు గంటల ముందు గానీ వేసుకోవాలి. ఇది నిద్ర తెస్తుంది. అందుకే ఇంటి దగ్గర ఒక సెలవు రోజున వేసుకుని ఒంటికి ఎలా పడుతుందో చూసుకోండి. నీటికాసులు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పిల్లలకు మోతాదు డాక్టరే చెప్పాలి, రెండేళ్లలోపు వాళ్లకు ఈ రకం మందు ఇవ్వకూడదు.

ఖాళీ కడుపుతో వెళ్తే వికారం తగ్గుతుందనుకుంటారు, పెరుగుతుంది. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు, కారం లేకుండా. నూనె తేలే పులిహోర, పూరీ, పాల కాఫీ ఆ ఉదయానికి వద్దు. పడవలోకి బొరుగులు, ఉప్పు బిస్కెట్లు, శొంఠి ముక్క, మనిషికి ఒక లీటరు నీళ్లు. ట్రింకోమలీ చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగడం మానేస్తారు కొందరు. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, దాంతోపాటే వాంతులు. గుక్క గుక్కగా తాగండి. వాంతి తప్పదనిపిస్తే గాలి వస్తున్న వైపు కాకుండా అవతలి అంచుకు వెళ్లండి, పక్కవాళ్లు చేయి పట్టుకోవాలి.

సంచిలో ఏముండాలి

బైనాక్యులర్ 7×50 గానీ 8×42 గానీ. 10 రెట్లు పెద్దగా చూపించేది పడవ ఊపుకు చేతిలో నిలవదు. కెమెరాకు 70–300 లెన్సు చాలు, షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. నీటి మెరుపును కోసే పోలరైజ్డ్ కళ్లద్దాలు, తాడున్న టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా. చీరకట్టు, పంచెకట్టు నిచ్చెన మెట్ల దగ్గర కాళ్లకు చుట్టుకుంటాయి. ఆ ఒక్కపూటకూ చుడీదారో ప్యాంటో వేసుకోండి.

బైనాక్యులర్ వాడటం కొత్తయితే చలికాలంలో ఒకరోజు పులికాట్‌కు వెళ్లి రండి. తడ దగ్గర భీమునివారిపాలెం రేవులో పడవెక్కి, ఎగిరే రాజహంసల గుంపును అద్దాల్లో నిలిపి పట్టుకోవడం నేర్చుకుంటే ఆ అలవాటు సముద్రంలో నేరుగా పనికొస్తుంది. కడుపుకు మాత్రం అది పరీక్ష కాదు: సరస్సు చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు, అలలే లేవవు.

పడవ ఎంచుకునేటప్పుడు

ముందు రోజు సాయంత్రం రేవుకు వెళ్లి పడవను కళ్లారా చూడండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, బకిల్స్ పడుతున్నాయా, పిల్లల కొలతవి విడిగా ఉన్నాయా? పెద్దల జాకెట్ వేసుకున్న పిల్లవాడు నీళ్లలో పడితే జాకెట్ పైకి జారిపోతుంది, వాడు కిందికి దిగిపోతాడు. రేడియో, నీడ ఉన్నాయా? ఎంతమందికి అనుమతి, ఎంతమందిని ఎక్కిస్తారు? తిమింగలం కనపడకపోతే మర్నాడు మళ్లీ తీసుకెళ్లేవాళ్లు కొందరున్నారు, ఆ మాట ముందే తేల్చుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట సరంగుతో చెప్పాల్సింది: “దగ్గరికి తీసుకెళ్లమని మేం అడగం. వంద మీటర్ల దూరంలో ఇంజిన్ నెమ్మదింపజేసి ఆగితే చాలు.” పడవలు తిమింగలాలను తరమడానికి సగం కారణం ఎక్కినవాళ్ల ఒత్తిడే. దగ్గరికి పోకపోతే బక్షీస్ రాదని సరంగు భయం. ఆ భయం మీరు తీసేస్తే అతనికీ పని తేలికవుతుంది. మంచి సరంగు తిమింగలం ఎదురుగా గానీ సరిగ్గా వెనక నుంచి గానీ వెళ్లడు, పక్కగా, దానికి సమాంతరంగా నడుపుతాడు. తిమింగలం దారి మార్చినా, ఊపిరి పీల్చడం తగ్గించి తొందరగా మునిగినా, తోకతో నీటిని కొట్టినా అది ఇబ్బంది పడుతోందని అర్థం. వెంటనే వెనక్కి తగ్గమనండి. అసలే దక్షిణ తీరం పక్క నుంచే పెద్ద పెద్ద సరుకు ఓడల దారి పోతోంది, ఓడ ఢీకొని తిమింగలాలు చచ్చిపోతున్నాయి. వాటికి మన పడవ మరో బాధ కాకూడదు.

సముద్రాన్ని చూడటం

పడవలు తెల్లవారుజామునే, మిరిస్సలో ఆరున్నర ప్రాంతంలో, కదులుతాయి. ఎండ ముదిరేకొద్దీ గాలి లేస్తుంది. పడవ ముక్కును గడియారంలో 12గా అనుకుని, నలుగురూ తలా ఒక భాగం పంచుకోండి: ఒకరు 9 నుంచి 12, మరొకరు 12 నుంచి 3, మిగతా ఇద్దరు వెనక వైపు. ఏదైనా కనపడితే “రెండు గంటల వైపు, దూరంగా” అంటే అందరి కళ్లూ ఒకచోటికే పోతాయి. వేలు చూపిస్తే ఎవరికీ అర్థం కాదు. ముందు ఉత్త కళ్లతో ఎడమ నుంచి కుడికి మెల్లగా వెతకాలి, అనుమానం వచ్చిన చోటే బైనాక్యులర్. పక్షులు గుంపుగా నీటి మీద వాలుతుంటే అక్కడ మేత ఉంది, వాటి కింద డాల్ఫిన్లు ఉండొచ్చు.

ఊపిరిని బట్టే జాతి తెలుస్తుంది. నిటారుగా తొమ్మిది పది మీటర్లు లేచే సన్నటి ఆవిరి స్తంభం నీలి తిమింగలానిది. పొట్టిగా, పొద లాగా, ముందుకూ ఎడమకూ వాలి ఉంటే స్పెర్మ్ తిమింగలం, దాని ముక్కు రంధ్రం తల చివర ఎడమ పక్కన ఉంటుంది. తల మీద మూడు గీతల గట్లు కనిపించి, మునిగేటప్పుడు తోక ఎత్తకపోతే బ్రైడ్ తిమింగలం. గాలిలోకి ఎగిరి బొంగరంలా తిరిగేవి స్పిన్నర్ డాల్ఫిన్లు, వందల్లో వస్తాయి. నీళ్ల మీద గుండ్రటి డిప్ప, పక్కనే చిన్న తల పైకి తేలితే తాబేలు.

నీలి తిమింగలం వరసగా కొన్ని సార్లు ఊపిరి తీసి, వీపు వంచి, తోక పైకెత్తి మునుగుతుంది. అది మునిగిన చోట నీళ్లు నూనె పోసినట్టు నున్నగా అవుతాయి. ఆ క్షణం నుంచి గడియారం చూడండి. నీలి తిమింగలం సాధారణంగా పది నిమిషాల అటూ ఇటూగా మళ్లీ తేలుతుంది. స్పెర్మ్ తిమింగలమైతే ముప్పావు గంట, గంట కూడా పడుతుంది, అది మునిగాక అక్కడే కాచుకోవాలా వద్దా అనేది సరంగు తేలుస్తాడు. నీటి మీద ఎర్రటి మరక తేలితే అది తిమింగలం విసర్జన, కిందే ఎక్కడో మేస్తోందన్నమాట.

ప్రతిసారీ చిన్న పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: సమయం, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. వీపు రెక్కను ఎడమ, కుడి వైపుల నుంచి, తోక అడుగు భాగాన్ని ఫొటో తీస్తే హ్యాపీవేల్ లాంటి వెబ్‌సైటుకు పంపొచ్చు. మచ్చలు, అంచులు చూసి ఒక్కో తిమింగలాన్ని వేరుగా గుర్తుపడతారు, మీ ఫొటో ఆ లెక్కలో చేరుతుంది.

ఒడ్డుకొచ్చాక ఉప్పు ఎండిపోకముందే కెమెరా, బైనాక్యులర్‌లను మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు రేణువులు అద్దాన్ని గీకేస్తాయి. ఆఖరి ఉదయం పడవకు, తిరుగు విమానానికి మధ్య కనీసం ఒక రాత్రి ఉంచుకోండి. తిమింగలం ఆలస్యంగా కనిపిస్తే పడవ కూడా ఆలస్యంగానే వస్తుంది, ట్రింకోమలీ నుంచైతే ఆరేడు గంటల రోడ్డు ఇంకా మిగిలే ఉంటుంది.