నూజివీడు తోటకెళ్తే బకెట్ నీళ్లు అడగండి

సెలవులకి మే నెలలో బెజవాడ వస్తున్నారా? ఒక పూట నూజివీడు వైపు మామిడి తోటకి వెళ్లండి, 45 కిలోమీటర్ల లోపే. ఎండెక్కక ముందే చేరుకోవాలి, తర్వాత మన వల్ల కాదు.

తోటలో పండు కోసం వెతక్కండి, పక్వానికొచ్చిన కాయ కొనండి. బకెట్ నీళ్లలో వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి, తొడిమ కాస్త గుంటలో ఉన్నట్టు కనిపిస్తే అదే కాయ. చిక్కంతో (కర్రకి కట్టిన వల సంచి) కోసేవాళ్లని తొడిమ ఉంచి కొయ్యమనండి. సొన కారితే తొక్క మీద నల్లటి చారలు పడతాయి, చేతికంటితే మంట. (మా చిన్నోడి బుగ్గ మీద వారం రోజులు మచ్చ!)

ఇంటికొచ్చాక వరిగడ్డిలో గానీ పేపర్లో గానీ చుట్టి పెట్టండి. ఫ్రిజ్‌లో పచ్చికాయ పెట్టారో, సరిగ్గా పండదు.

బంగినపల్లి ఎలాగూ కొంటారు. చిన్న రసాలు కూడా ఓ డజను తీసుకోండి. కోసుకు తినకండి, పిసికి జుర్రుకోవాలి. తోటకెళ్లే తీరిక లేకపోతే రైతు బజారుంది, ధరలు బోర్డు మీదే రాసుంటాయి.