హారర్ సినిమా రాత్రి షూటింగ్: కెమెరా ఎత్తే ముందు

పాడుబడ్డ ఇల్లు దొరికిందని సంబరపడి నేరుగా రాత్రికే దిగకండి. పట్టపగలు ఒకసారి వెళ్లి మేడమెట్లు, పిట్టగోడ, పెచ్చులూడిన శ్లాబు చూసి రండి. పెరట్లో పొదలుంటే అందరికీ బూట్లు, టార్చి తప్పనిసరి. పాముకి స్క్రిప్టు తెలియదు.

- ఓనరు అనుమతి కాగితం మీద ఉండాలి. గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ గుట్టుగా ఫోన్లో తీసేద్దామనుకోవద్దు.
- కేకల సీనుంటే చుట్టుపక్కల వాళ్లకీ, పోలీస్ స్టేషన్‌కీ ముందే చెప్పండి. అర్ధరాత్రి అరుపు వింటే ఎవరైనా 112కి ఫోన్ చేస్తారు. చెయ్యాలి కూడా!
- కత్తి రబ్బరుదే వాడండి.

నెత్తురు దగ్గరే అసలు తలనొప్పి. పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి కలిపితే చవగ్గా వస్తుంది. కానీ చీమలు పడతాయి, నేల జారుతుంది, సున్నం గోడకంటితే మరక వదలదు. కింద టార్పాలిన్ పరచండి, అదే రకం చొక్కాలు ఇంకో రెండు ఉంచుకోండి. లేటెక్స్‌తో (రబ్బరు పాలతో) ఉత్తుత్తి గాయాలు వేయించుకునేవాళ్లకి ముందురోజే చేతి మీద కొంచెం రాసి, దద్దుర్లొస్తాయేమో చూడండి.

ఈ జానర్‌లో పిక్చర్ కంటే సౌండ్ ముఖ్యమని నా అభిప్రాయం. బోరు మోటారు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపించండి. ఆపిన ఫ్రిజ్‌లో బండి తాళాలు పెట్టండి, మళ్లీ ఆన్ చేయడం ఎవరూ మర్చిపోరు. ట్యూబ్‌లైట్ మినుకుతుంటే కెమెరా షట్టర్ స్పీడు 1/50 సెకనుకి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్.

ప్యాకప్ తెల్లవారుజామున అయితే నిద్రమత్తులో ఎవరినీ బైకు మీద పంపకండి. అక్కడే ఓ కునుకు తీయనివ్వండి.