కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరడం ఎలా? (హెచ్4లో ఉన్నవాళ్ళకి, హైస్కూల్ పిల్లల పేరెంట్స్‌కి)

కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్ళలో చాలామందికి "ఎక్కడా సీటు రానివాళ్ళు వెళ్ళేది" అని ఒక అభిప్రాయం ఉంది, ముందు అది మనసులోంచి తీసేయండి. రెండేళ్ళ డిగ్రీలు, సర్టిఫికెట్లు ఇచ్చే ఈ ప్రభుత్వ కాలేజీలు కాలిఫోర్నియాలో 116 ఉన్నాయి. ఫ్రీమాంట్ వాళ్ళకి ఓలోని, కూపర్టినో వాళ్ళకి డి ఆంజా, శాంటా క్లారాలో మిషన్, లివర్‌మోర్‌లో లాస్ పొసిటాస్, శాన్ రామోన్‌లో డయాబ్లో వ్యాలీ కాలేజీ క్యాంపస్, ఇలా మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళన్నిటికీ దగ్గర్లో ఏదో ఒకటి ఉంటుంది. ఇండియాలో బీటెక్కో ఎంకామో చేసి ఇక్కడికొచ్చి ఇంట్లోనే ఉండిపోయిన ఆడవాళ్ళకి మళ్ళీ చదువులోకి రావడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనిపించలేదు. కాకపోతే ఏ పని ముందు చేయాలి ఏది తర్వాత చేయాలి అనేది తెలియకపోతే డబ్బులూ పోతాయి, ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ మార్కుల రికార్డు) మీద మచ్చా పడుతుంది, అందుకే వరసగా రాస్తున్నా.

1. ముందు రెసిడెన్సీ సంగతి తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, చాలామంది దీన్నే ఆఖరికి చూస్తారు. కాలిఫోర్నియా రెసిడెంట్ అయితే ఫీజు యూనిట్‌కి (క్లాసు ఎంత పెద్దదో కొలిచే లెక్క, క్రెడిట్ లాంటిది) 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల క్లాసు 138 డాలర్లు. రెసిడెంట్ కాకపోతే దీనిమీద నాన్ రెసిడెంట్ ట్యూషన్ అని యూనిట్‌కి వందల్లో పడుతుంది, అదే క్లాసు, అదే ప్రొఫెసర్, ఫీజు మాత్రం ఎక్కడికో పోతుంది. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ సిస్టంలో నడుస్తాయి కాబట్టి అక్కడ యూనిట్‌కి 31 డాలర్లు, తక్కువ అనుకోకండి, క్వార్టర్ యూనిట్ చిన్నది, డిగ్రీకి సెమిస్టర్‌లో 60 యూనిట్లయితే అక్కడ 90 కావాలి.

హెచ్4 వీసా (హెచ్1 వర్క్ వీసా వాళ్ళ భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చేది) అంటే రెసిడెంట్ అవ్వలేం అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. హెచ్1, హెచ్4 వాళ్ళు కాలిఫోర్నియాలో రెసిడెన్సీకి అర్హులే. ఎఫ్1 (స్టూడెంట్), బీ1, బీ2 (విజిటర్), జే1 (ఎక్స్‌చేంజ్) లాంటి వీసాల వాళ్ళకే సాధారణంగా ఇది కుదరదు. రూల్ ఏంటంటే టర్మ్ (సెమిస్టర్ గానీ క్వార్టర్ గానీ) మొదలయ్యే రోజుకి ముందు ఏడాదికి పైగా మీరు రాష్ట్రంలో ఉంటూ ఉండాలి, పైగా ఇక్కడే స్థిరంగా ఉండాలనే ఉద్దేశం కాగితాల్లో కనబడాలి. ఇక్కడే మనవాళ్ళు ఇరుక్కుంటారు, ఎందుకంటే లీజు, కరెంట్ బిల్లు, బ్యాంక్ అకౌంట్ అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి, రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆవిడ పేరుతో ఒక్క కాగితం ఉండదు. కాబట్టి రాష్ట్రానికి వచ్చిన మొదటి నెలల్లోనే లీజులో మీ పేరు పెట్టించండి, జాయింట్ అకౌంట్ తెరవండి, డ్రైవింగ్ లైసెన్సో స్టేట్ ఐడీనో తీసుకోండి, స్టేట్ ట్యాక్స్ రిటర్న్ ఇద్దరి పేరుతో ఫైల్ చేయండి. చదువుకోవాలని ఇంకా నిర్ణయించుకోకపోయినా సరే చేయండి, ఆ ఏడాది లెక్క మొదలయ్యేది ఆ కాగితాల మీద ఉన్న తేదీల నుంచే. టెక్సస్ నుంచో న్యూజెర్సీ నుంచో మారి వచ్చినవాళ్ళు పాత రాష్ట్రం లైసెన్స్ అలాగే ఉంచుకుంటే అది మీకే ఎదురు తిరుగుతుంది.

18 లోపు పిల్లలకైతే మామూలుగా పేరెంట్ రెసిడెన్సీనే చూస్తారు.

2. అప్లికేషన్

సీసీసీ అప్లై అనే ఒకే వెబ్‌సైట్‌లో అన్ని కాలేజీలకీ అప్లై చేయొచ్చు, ఫీజు లేదు. 18 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు గానీ ఎవరైనా చేరొచ్చు, సీటు రాకపోవడం అనేదే ఉండదు. నర్సింగ్, డెంటల్ హైజీన్, రేడియాలజీ లాంటివాటికి మాత్రం విడిగా పోటీ ఉంటుంది, వాటిలో చాలావాటికి అనాటమీ, ఫిజియాలజీ లాంటి సైన్స్ క్లాసులు ముందే పూర్తిచేసి ఉండాలి.

ఫామ్‌లో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతుంది, హెచ్4 వాళ్ళకి లేకపోతే లేదని టిక్ పెట్టే చోటు ఉంటుంది, అక్కడ ఆగిపోకండి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయండి. మన ఇంటిపేర్లు ఒక చోట ముందు ఒక చోట వెనక రాసేసి తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ మ్యాచ్ అవ్వక తిప్పలు పడుతుంటారు. దొంగ అప్లికేషన్లు పెరిగాయి కాబట్టి ఐడీ వెరిఫికేషన్ అడగొచ్చు, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. స్టూడెంట్ ఐడీ ఈమెయిల్‌కి వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. అడ్మిషన్స్ ఆఫీస్ వాళ్ళు రెసిడెన్సీ కాగితాలు అడిగితే వెంటనే పంపండి, టర్మ్ మొదలయ్యాక పంపితే మొదట ఎక్కువ ఫీజు కనిపించి గుండె ఆగినంత పనవుతుంది.

3. క్లాసు ఎంచుకునే ముందు కౌన్సిలర్‌ని కలవండి

కౌన్సిలర్ అంటే మనసు బాగోలేనప్పుడు వెళ్ళే మనిషి అని మాత్రమే అనుకోకండి, ఇక్కడ అకడమిక్ కౌన్సిలర్ అంటే మీ చదువు మొత్తానికి దారి గీసిచ్చే మనిషి, అదీ ఫ్రీగా. మీ లక్ష్యం ఏంటో చెప్తే ఏ టర్మ్‌లో ఏ క్లాసు అనేది ఎడ్యుకేషన్ ప్లాన్ రాసిస్తారు. ఓరియంటేషన్, ఎడ్ ప్లాన్ రెండూ పూర్తిచేస్తే రిజిస్ట్రేషన్ డేట్ కూడా ముందుకి వస్తుంది. ఆగస్టులోనూ జనవరిలోనూ వాళ్ళ దగ్గర విపరీతమైన రద్దీ, అపాయింట్‌మెంట్ దొరకదు, అందుకే ఏప్రిల్, అక్టోబర్ లాంటి నెలల్లో తీసుకోండి.

వెళ్ళేముందు ఇండియా మార్కుల లిస్టులు దగ్గర పెట్టుకోండి. మీ పాత డిగ్రీకి క్రెడిట్ కావాలంటే డబ్ల్యూఈఎస్ లాంటి, విదేశీ డిగ్రీలని లెక్కకట్టే సంస్థతో కోర్సు బై కోర్సు ఎవాల్యుయేషన్ చేయించమంటారు, ఏ సంస్థది ఒప్పుకుంటారో ఆ కాలేజీనే అడిగి తర్వాత డబ్బు కట్టండి. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్ల నుంచి సీల్డ్ ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికి టైం పడుతుంది, ఊళ్ళో ఉన్న తమ్ముడికో మేనమామకో ముందే పని అప్పజెప్పండి.

ఇంగ్లీష్, మ్యాథ్‌కి ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటుందని భయపడక్కర్లేదు, ఏబీ 705 అనే చట్టం 2017లో వచ్చాక ఆ పరీక్షలతో పిల్లల్ని కింది క్లాసులకి తోసేయడం ఆగిపోయింది. హైస్కూల్ గ్రేడ్లు చూస్తారు, అవి లేనివాళ్ళకి సొంతంగా నిర్ణయించుకునే పద్ధతి ఉంటుంది.

4. ఏం చదవాలి?

ఇంగ్లీష్ మాట్లాడ్డానికి బెరుకుగా ఉన్నవాళ్ళు నాన్‌క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి రాని) ఈఎస్‌ఎల్ (ఇంగ్లీష్ నేర్పే) క్లాసులతో మొదలెట్టండి, ట్యూషన్ ఫీజు ఉండదు. అత్తగారు మామగారు గ్రీన్‌కార్డ్ మీద వచ్చి ఇంట్లో తోచక కూర్చుంటే వాళ్ళని కూడా పంపండి, నలుగురు పరిచయం అవుతారు.

మన ఆడవాళ్ళు ఎక్కువగా తీసుకునేది ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్. 12 యూనిట్లు చదివి, దానికి తోడు క్లాస్‌రూంలో పనిచేసిన అనుభవం ఉంటే కాలిఫోర్నియాలో అసోసియేట్ టీచర్ పర్మిట్‌కి అప్లై చేయొచ్చు, ప్రీస్కూల్స్‌లో దానికి విలువుంది. ప్రాక్టికల్స్‌కి టీబీ టెస్ట్, టీకాల కాగితాలు అడుగుతారు. అకౌంటింగ్, బుక్‌కీపింగ్, సైబర్ సెక్యూరిటీ, డేటాబేస్ లాంటి సర్టిఫికెట్లు కూడా తక్కువ యూనిట్లలో అయిపోతాయి.

ఇక్కడొకటి బాగా గుర్తుపెట్టుకోండి. హెచ్4 మీద ఫుల్‌టైం చదవొచ్చు, పార్ట్‌టైం చదవొచ్చు, ఎఫ్1కి మారక్కర్లేదు. కానీ ఈఏడీ (పనిచేయడానికి ఇచ్చే పర్మిట్) లేకుండా ఉద్యోగం చేయకూడదు, క్యాంపస్‌లో లైబ్రరీ జాబైనా, డబ్బులిచ్చే ఇంటర్న్‌షిప్ అయినా సరే. కాలేజీలో ఎవరో "పర్లేదు" అన్నారని చేయకండి, స్టేటస్ మీది, వాళ్ళది కాదు. అలాగే హెచ్4 పిల్లలకి 21 ఏళ్ళు దగ్గరపడుతుంటే (ఆ తర్వాత హెచ్4 కుదరదు) ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిసే పని ముందే పెట్టుకోండి, వీసా మారితే ఫీజు లెక్క కూడా మారొచ్చు.

5. ఫీజు తగ్గించుకునే దారులు

కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ అనేది ఉంది, తక్కువ ఆదాయం ఉన్న రాష్ట్ర రెసిడెంట్లకి ఆ 46 డాలర్ల ఫీజు మాఫీ చేస్తుంది. మొదటిసారి కాలేజీకి వచ్చి ఫుల్‌టైం చదివే పిల్లలకి చాలా కాలేజీలు రెండేళ్ళు ఫీజు లేకుండా ఇస్తాయి. ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే అప్లికేషన్) మాత్రం సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ వాళ్ళు లాంటి కొన్ని కేటగిరీలకే, హెచ్4కి రాదు. క్లాస్ షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అనే గుర్తు ఉన్న సెక్షన్లు వెతకండి, పుస్తకాల ఖర్చే ఉండదు, ఒక్కోసారి పుస్తకం ధర క్లాసు ఫీజుని దాటిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

6. రిజిస్టర్ అయ్యాక తేదీలే ప్రాణం

క్లాసు నిండిపోయినా వెయిట్‌లిస్ట్‌లో చేరండి, మొదటి రోజు క్లాసుకి వెళ్ళి కూర్చోండి, సీటు ఖాళీ అయితే ప్రొఫెసర్ యాడ్ కోడ్ ఇస్తారు. సీటు ఉన్నవాళ్ళు కూడా మొదటి రోజు మానకండి, రానివాళ్ళ పేరు తీసేయొచ్చు, ఆన్‌లైన్ క్లాసైతే మొదటి వారం అసైన్‌మెంట్ చేయకపోయినా అంతే.

క్యాలెండర్‌లో మూడు తేదీలు రాసుకోండి. ఒకటి, డబ్బు వాపసు వచ్చేలా డ్రాప్ చేసే తేదీ, ఫుల్ సెమిస్టర్ క్లాసుకి మామూలుగా మొదటి రెండు వారాలు, సమ్మర్ లాంటి చిన్న టర్మ్‌లో రోజుల్లోనే అయిపోతుంది. రెండు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏమీ పడకుండా డ్రాప్ చేసే తేదీ. మూడు, డబ్ల్యూతో (విత్‌డ్రా అయినట్టు ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడే గుర్తు) బయటపడే ఆఖరి తేదీ. అది దాటితే గ్రేడ్ ఏదొస్తే అదే, క్లాసుకి వెళ్ళడం మానేస్తే డ్రాప్ అయినట్టు కాదు, ఎఫ్ పడుతుంది. డబ్ల్యూ ఒకట్రెండు ఉంటే కొంపలు మునగవు, కానీ మీరు తీసుకున్న యూనిట్లలో సగానికి సగం అవే ఉంటే ప్రోగ్రెస్ ప్రొబేషన్ (కాలేజీ ఇచ్చే హెచ్చరిక లాంటిది) వస్తుంది, జీపీఏ 2.0 కంటే తగ్గితే అకడమిక్ ప్రొబేషన్. తప్పిన క్లాసుని మళ్ళీ తీసుకోవచ్చు గానీ మామూలుగా మొత్తం మూడు ప్రయత్నాలే, డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నమే. ఆరోగ్యం పాడైనా, ఇండియాలో ఎవరికైనా సీరియస్ అయి హఠాత్తుగా వెళ్ళాల్సి వచ్చినా ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్ అని ఉంది, ఈడబ్ల్యూ అంటారు, ఆధారాలు పెట్టి అడగండి, అది ప్రొబేషన్ లెక్కలోకి రాదు.

7. హైస్కూల్ పిల్లలకి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్

అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు తీసుకోవడం. పేరెంట్స్ దీన్ని ఉత్సాహంగా పట్టుకుంటారు, మంచిదే. స్కూల్ కౌన్సిలర్ సంతకం, పేరెంట్ సంతకం ఉన్న ఫామ్ ఇవ్వాలి, టర్మ్‌కి 11 యూనిట్ల లోపు తీసుకుంటే చాలా కాలేజీలు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోవు. కానీ ఆ గ్రేడ్ జీవితాంతం కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది. తొమ్మిదో క్లాసు పిల్లాడిని పక్కింటివాళ్ళ అబ్బాయి తీసుకున్నాడని కాల్‌క్యులస్‌లో కూర్చోబెట్టి సీ గ్రేడ్ తెప్పిస్తే, రేపు యూనివర్సిటీ అప్లికేషన్‌లో ఆ సీ చూపించాల్సిందే. వాడికి ఇష్టమైన ఒక్క క్లాసుతో మొదలెట్టండి, ప్లీజ్.

ఇంకోటి, ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం పిల్లలు మైనరైనా సరే కాలేజీ రికార్డుల హక్కు వాళ్ళదే. మీరు ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి మావాడి మార్కులెంత అంటే చెప్పరు, కోప్పడి లాభం లేదు. ఇంట్లోనే పిల్లలతో మాట్లాడే అలవాటు పెట్టుకోండి.

8. అడిగితేనే తెలిసే సర్వీసులు

ట్యూటరింగ్ సెంటర్, రైటింగ్ సెంటర్, లాప్‌టాప్ అరువు, ఫుడ్ ప్యాంట్రీ, పర్సనల్ కౌన్సెలింగ్ ఇవన్నీ చాలా క్యాంపస్‌లలో ఉంటాయి, వాడుకోండి. చదవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ, వినికిడి సమస్య లాంటివి ఉంటే డీఎస్‌పీఎస్ (ఇలాంటి ఇబ్బందులున్న స్టూడెంట్స్‌కి సాయం చేసే) ఆఫీస్‌కి వెళ్ళండి, పరీక్షకి ఎక్కువ టైం ఇస్తారు. మనవాళ్ళు నలుగురికీ తెలుస్తుందేమో అని దాచేస్తారు, ఆ వివరాలు గోప్యంగా ఉంచుతారు, మీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద కూడా కనబడవు. ఆదాయం తక్కువున్న రెసిడెంట్ స్టూడెంట్స్‌కి ఈఓపీఎస్ అని ఇంకో ప్రోగ్రాం, పుస్తకాల సాయం, ప్రత్యేక కౌన్సిలర్ ఉంటారు.

9. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే

అసిస్ట్ డాట్ ఆర్గ్ మొదటి టర్మ్ నుంచే చూడండి, మీ కాలేజీ క్లాసు ఏ యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), ఏ సీఎస్‌యూలో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) దేనికి సమానమో అందులో ఉంటుంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరు యూసీలు ట్యాగ్ ఇస్తాయి, అంటే వాళ్ళు చెప్పిన కోర్సులు, జీపీఏ ఉంటే సీటు గ్యారంటీ. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో ఇవ్వవు. ట్యాగ్ ఒక్క క్యాంపస్‌కే, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు పెట్టాలి, మేజర్ చూసుకోండి, కంప్యూటర్ సైన్స్ లాంటివాటికి కొన్ని చోట్ల ట్యాగ్ ఉండదు. అది పెట్టాక యూసీ మెయిన్ అప్లికేషన్ కూడా వేరేగా వేయాలి, ఒకటి వేసి రెండోది మర్చిపోతే ట్యాగ్ పనికిరాదు. సీఎస్‌యూకైతే అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ తీసుకోండి, ఆ సిస్టంలో సీటు ఖాయం, అడిగిన క్యాంపస్సే వస్తుందని మాత్రం కాదు.

యూనిట్లన్నీ అయిపోయాయి కదా అని కూర్చోకండి, చాలా కాలేజీల్లో డిగ్రీ గానీ సర్టిఫికెట్ గానీ దానంతటదే రాదు, పిటిషన్ వేయాలి, దానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఆఖరి టర్మ్ మొదలైన వారంలోనే కౌన్సిలర్ దగ్గర కూర్చుని వేసేయండి.